చేతులు మారిన నవల

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా ఒక వ్యాసం రాయవలసిందిగా కార్యదర్శి గారు కోరారు. కరువు భత్యం బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి రాయడానికి నాకన్న అనుభవజ్ఞులు చాలామంది ఉన్నారు. నేను 37 ఏళ్ళపాటు ట్రెజరీలలో గుమాస్తాగిరీ చేసి, 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. కాగితం ఒక బల్ల మీద నుంచి మరో బల్ల మీదికి ఎలా నడుస్తుందో చూడడంతోనే నా సర్వీసంతా గడిచింది. అందుచేత కాగితాల నడక గురించే రాద్దామనుకున్నాను. అయితే అవి ఫైళ్ళు కావు, ఒక నవల. యద్దనపూడి సులోచనారాణి గారి 'సెక్రటరీ'. కార్యదర్శి గారు అడిగారని సెక్రటరీ గురించి రాశాడని మిత్రులు నవ్వుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మన చిన్నతనంలో నవల అచ్చయితే వెయ్యి ప్రతులు, మహా అయితే రెండు వేలు. ఆ వెయ్యి ప్రతులతోనే ఊళ్ళకు ఊళ్ళు ఆ కథ చెప్పుకునేవి. కొన్నవారు కొద్దిమంది, చదివినవారు లెక్కకు మిక్కిలి. ఈ మధ్యలో జరిగిన పని ఏమిటంటే, ముఖపరిచయం లేనివారు కూడా ఒకరినొకరు నమ్మి పుస్తకం చేతులు మార్చారు. మన సాహిత్య చరిత్రలలో రచయితల పేర్లు ఉంటాయి, ప్రచురణకర్తల పేర్లు ఉంటాయి. ఈ చేతులు మార్చినవారి ప్రస్తావన మాత్రం అరుదు. వారిలో మన ఉద్యోగులూ, మన ఇళ్ళలోని ఆడవారూ చాలామంది ఉన్నారు గనుక ఈ సంచికలో ఆ ముచ్చట చెప్పుకోవడం అసందర్భం కాదనుకుంటాను.

పడవలో పుస్తకాలు

ఇది మన తరంతో మొదలైన అలవాటు కాదు. 1914 ఏప్రిల్ 10న బెజవాడలో చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశ గ్రంథ భాండాగార ప్రతినిధుల మహాసభ జరిగింది. అయ్యంకి వెంకటరమణయ్య గారి వంటివారు అప్పటి నుంచీ ఊరూరా తిరిగి గ్రంథాలయాలు పెట్టించారు. మనిషి పుస్తకం దగ్గరకు రావడం ఒక పద్ధతి. పుస్తకమే మనిషి దగ్గరకు వెళ్ళాలన్నది రెండో పద్ధతి. ఈ రెండో పద్ధతికి మా ప్రాంతంలోనే గొప్ప ఉదాహరణ ఉంది. 1935లో పాతూరి నాగభూషణం గారు కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలవలో నడిచే పడవలో గ్రంథాలయం పెట్టారు. ఆ రోజుల్లో పడవ ప్రయాణమంటే గంటల తరబడి కూర్చోవడమే. ఎక్కినవారు పుస్తకం తీసుకునేవారు, దిగేచోట ఇచ్చేసి వెళ్ళేవారు. ముందు చదివినవారెవరో, తర్వాత చదవబోయేవారెవరో వారికి తెలియదు.

ఉన్నవ లక్ష్మీనారాయణ గారి 'మాలపల్లి' సంగతి ఇంకా గట్టిది. రాయవెల్లూరు జైలులో రాసిన ఆ నవల 1922లో అచ్చయింది. కొద్దికాలానికే మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. ఆ తర్వాత నిషేధం తొలగించి, 1936లో మళ్ళీ పెట్టి, 1937లో కాంగ్రెసు మంత్రివర్గం వచ్చాకగానీ పూర్తిగా ఎత్తలేదు. ఆ నిషేధపు రోజులలో పుస్తకం ఎవరింట్లో ఉన్నదీ పైకి చెప్పేవారు కారని, చీకటిపడ్డాక ఒక ఇంటి నుంచి మరో ఇంటికి చేరేదని మా తాతగారి తరంవారు చెప్పగా విన్నాను. పుస్తకం దాచడమే నేరమైనప్పుడు దానిని ఎదుటివాడి చేతిలో పెట్టాలంటే ఎంత నమ్మకం ఉండాలో ఊహించుకోవచ్చు.

అద్దె లైబ్రరీలు

మన తరానికి వచ్చేసరికి భయం పోయి సరదా మిగిలింది. 1960లలో వార, మాసపత్రికలలో సీరియళ్ళు ఊపందుకున్నాయి. 'సెక్రటరీ' కూడా 'జ్యోతి' మాసపత్రికలో సీరియల్‌గా వచ్చి, ఆపైన పుస్తకమైంది. ఉద్యోగం చేసుకు బతికే మధ్యతరగతి అమ్మాయి జయంతి, ఉన్నింటి రాజశేఖరం, వారిద్దరి పట్టుదలలు. ఈ కథ తెలియని ఇల్లు తక్కువ. 1976లో అక్కినేని, వాణిశ్రీలతో సినిమా కూడా వచ్చింది.

పట్నాలలోనే కాదు, ఒక మాదిరి ఊళ్ళలో కూడా అద్దె లైబ్రరీలు ఉండేవి. ఒక చిన్న గది, మూడు గోడలకూ అలమరలు, గుమ్మం దగ్గర ఒక బల్ల. కొంత డిపాజిట్టు కట్టించుకుని ఒక నంబరు ఇచ్చేవారు. మా ఊళ్ళో నవలకు రోజుకు పది పైసలు అద్దె. అట్ట చిరగకుండా దళసరి అట్టతో, కాలికో గుడ్డతో బైండు చేసి, వీపు మీద తెల్లసిరాతో నంబరు వేసేవారు. గిరాకీ ఉన్న నవలకు వరసలో పేరు రాయించుకోవాలి. కొందరు షాపువాళ్ళు ఒకే నవలను రెండుగా చీల్చి రెండు భాగాలుగా బైండు చేయించి, ఒకేసారి ఇద్దరికి తిప్పేవారు. మొదటి భాగం ముగించినవాడు రెండో భాగం ఎవరింట్లో ఉందో కనుక్కుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడటం మామూలే.

అద్దె కూడా పెట్టలేనివారు పత్రికలలోని సీరియల్ పేజీలు కత్తిరించి, వరసగా పేర్చి, బైండు చేయించుకునేవారు. అందులో కథ మంచి పట్టులో ఉండగా తలనూనె ప్రకటన వచ్చేది. అయినా ఆ బైండు పుస్తకాలకు అచ్చు పుస్తకాల కంటె ఎక్కువ గౌరవం. పెళ్ళయి అత్తవారింటికి వెళ్ళే అమ్మాయి పెట్టెలో చీరల కింద ఒక సీరియల్ బైండు ఉండటం నేనెరుగుదును.

ఆడవారు లైబ్రరీకి స్వయంగా వెళ్ళడం తక్కువ. తమ్ముడో, కొడుకో, ఆఫీసు నుంచి వచ్చే భర్తో తెచ్చేవారు. లైబ్రరీ రిజిస్టరులో మగవాళ్ళ పేర్లుండేవి, చదివేది ఆడవాళ్ళు.

రేపల్లె ప్రతి

1973 నుంచి 1979 వరకు నేను రేపల్లె సబ్ ట్రెజరీలో పనిచేశాను. అప్పుడది గుంటూరు జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లాలో చేరింది. సబ్ ట్రెజరీ అంటే చుట్టుపట్ల ఊళ్ళన్నిటికీ కూడలి. జీతం బిల్లులు పట్టుకుని బడిపంతుళ్ళు వచ్చేవారు. చలానాలు పట్టుకుని కరణాలు, మునసబులు వచ్చేవారు. పెన్షనుదారులు నెల మొదట్లో అరుగు మీద బారులు తీరేవారు. బిల్లు పాసయ్యేవరకు చేసేదేమీ లేక కూర్చునేవారు.

మా ఆఫీసులో అకౌంటెంటు గారు ఒకాయన, చదువరి. ఆయన ఒకసారి బెజవాడ ఏలూరు రోడ్డులో 'సెక్రటరీ' కొనుక్కొచ్చారు. ఇంట్లో అందరూ చదవడం అయిపోయాక దాన్ని బీరువాలో పెట్టకుండా ఆఫీసుకు తెచ్చి, లోపలి అట్ట మీద ఎర్రసిరాతో నాలుగు ముక్కలు రాశారు. నాలుగు రోజుల్లో చదవాలి, పేజీ మడవకూడదు, చదివాక మరొకరికి ఇవ్వాలి గాని తనకు తిరిగి ఇవ్వనక్కరలేదు, చివర మీ పేరూ ఊరూ రాయాలి. అంతే. పైన ప్రొసీడింగ్స్ నంబరు ఒక్కటే తక్కువ! దానిని అరుగు మీద కూర్చున్న ఒక మాస్టారి చేతిలో పెట్టారు.

"తిరిగి రాదండీ" అన్నాం మేము.

"రావాలని ఎవరన్నారయ్యా?" అన్నారాయన.

కాని అది తిరిగి వచ్చింది, చాలాసార్లు వచ్చింది. కూడలి మీదుగానే ఎవరైనా పోవాలి గనుక, రెండు మూడు నెలలకొకసారి ఎవరి సంచిలోనో మా ఆఫీసు గుమ్మంలోకి వచ్చేది. మేము ముందుగా చూసేది కథ కాదు, చివరి పేజీలలోని పేర్లు. భట్టిప్రోలు, వేమూరు, కొల్లూరు, చెరుకుపల్లి, నిజాంపట్నం, తెనాలి. ఒకసారి పెనుమూడి రేవు దాటి అవతల దివిసీమలోకి కూడా వెళ్ళింది. వంతెన లేని రోజులవి, పడవలోనే కృష్ణ దాటాలి. తెనాలి-రేపల్లె పాసింజరులో ఎదురు బెంచీ మీద కూర్చున్న అపరిచితుడికి ఇచ్చామని కూడా ఒకరు రాశారు.

ఆ జాబితాలో నేను గమనించిన విశేషం ఒకటుంది. మొదట్లో ఫలానా మాస్టారి గారి ఇల్లు, కరణం గారి కోడలు, కాంపౌండరు గారి అమ్మాయి అని ఉండేది. రెండు మూడేళ్ళు గడిచాక ఆడవారు తమ పేరే రాయడం మొదలుపెట్టారు. ఒకామె తన పేరు రాసి, కింద 'టెలిఫోన్ ఆపరేటరు, తెనాలి' అని హోదా కూడా రాసింది. ఆ అక్షరాలలో ఎంత నిబ్బరం ఉందో! ఆఫీసులలోకి ఆడపిల్లలు ఒక్కరొక్కరుగా వస్తున్న కాలం అది. జయంతి కథ వాళ్ళకు కాలక్షేపం ఒక్కటే కాదు. ఉద్యోగానికి పోయే ఆడపిల్లకు ఎదురయ్యే చూపులూ, మాటలూ, ఆమె ఆత్మాభిమానమూ అందులో ఉన్నాయి. ఇవి పండితుల దృష్టిలో పెద్ద సాహిత్యమా కాదా అన్న వాదం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. ఆ వాదంలోకి నేను వెళ్ళను. ఆ పుస్తకం చివర ఒక ఆడమనిషి తన పేరు తాను రాసుకోవడం నేను చూశాను. నాకది చాలు.

తుపాను తర్వాత

1977 నవంబరు 19, శనివారం. ఆనాటి తుపాను గురించి ఈ ప్రాంతపు పెన్షనర్లకు నేను చెప్పనక్కరలేదు. దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికార లెక్కల ప్రకారమే పదివేల ప్రాణాలు పోయాయి. రేపల్లె తాలూకా సముద్రతీర గ్రామాలూ దెబ్బతిన్నాయి. నెలల తరబడి మా ఆఫీసులో సహాయ నిధుల బిల్లులే. రాత్రి పొద్దుపోయేదాకా లాంతరు వెలుగులో పనిచేసేవాళ్ళం. అప్పటికి నవల అవతలి ఒడ్డున ఉంది. దాని సంగతి అడగాలన్న ధ్యాస ఎవరికీ లేదు, అడగటం ధర్మమూ కాదు.

మరుసటి ఏడు ఎండలు ముదిరాక, పెనుమూడి రేవు మీదుగా వచ్చిన ఒక మాస్టారు గుడ్డసంచిలోంచి దాన్ని తీసి బల్ల మీద పెట్టారు. నీళ్ళలో నాని, ఎండలో ఆరి, రెండింతలు లావయింది. పేజీల అంచున ఉప్పునీటి చార. పేర్లు రాసిన కాగితాలను ఎవరో విడిగా తీసి, ఆరబెట్టి, మళ్ళీ కుట్టారు. కథలో చివరి ముప్ఫై పేజీలు మాత్రం లేవు. లోపలి అట్ట మీద, అకౌంటెంటు గారి ఎర్రసిరా వెలిసిపోయినచోట, నీలం పెన్సిలుతో ఎవరో రాశారు. పుస్తకం అటక మీద దొరికిందని, చివరి పేజీలు పోయాయని, ఇంకో ప్రతి ఉన్నవారు దయచేసి రాసిపెట్టవలసిందని. పేరు లేదు. ఆ చేతిరాత ఎవరిదో, ఆ ఇంట్లో ఎందరు మిగిలారో తెచ్చిన మాస్టారికీ తెలియదు. అంత ఉపద్రవం తర్వాత కూడా ఆ మనిషి తన తర్వాత చదవబోయేవారి గురించి ఆలోచించారు. ఆ రోజు మా ఆఫీసులో కాసేపు ఎవరమూ మాట్లాడలేదు.

అద్దె లైబ్రరీ నుంచి మరో ప్రతి తెచ్చాం. షాపాయన సంగతి విని ఆ వారం అద్దె తీసుకోలేదు. సాయంత్రం ఆఫీసు కట్టేశాక, గుమాస్తాలం తలా కొన్ని ఠావులు పంచుకుని ఆ ముప్ఫై పేజీలూ చేత్తో రాశాం. అకౌంటెంటు గారు సరిచూశారు. ఫైలు కుట్టే సూదితో, ట్యాగుదారంతో కుట్టి పుస్తకానికి కలిపాం. జయంతి, రాజశేఖరం కథ ముగింపు ఐదారుగురు ట్రెజరీ గుమాస్తాల దస్తూరీలో తయారైంది. పాఠకులకు అది ఆర్డరు కాపీలా కనబడి ఉండవచ్చు. మూడు నెలల తర్వాత తిరిగి వచ్చినప్పుడు జాబితాలో ఒకరు చిన్న అక్షరాలతో ఒక గమనిక పెట్టారు. చేతిరాత పేజీలలో ఫలానా చోట ఒక వాక్యం వదిలేశారని, ఆ వాక్యం తనే మార్జినులో రాశానని. ఆడిట్ అభ్యంతరం అక్కడా తప్పలేదన్న మాట!

1979లో నాకు బదిలీ అయ్యేనాటికి ఆ జాబితాలో పేర్లు అరవై దాటాయి. పేరు రాసినవారి వెనుక ఇంట్లో చదివినవారు ఇంకెందరో. ఆ ప్రతిని నేను మళ్ళీ చూడలేదు.

అలవాటు ఎలా తగ్గింది

1980లలో కూడా సీరియళ్ళకు గిరాకీ తగ్గలేదు. యండమూరి, మల్లాది నవలల కోసం వరసలు కట్టారు. కాని ఇంటింటా టీవీ వచ్చాక సాయంత్రపు తీరిక అటు పోయింది. అద్దె లైబ్రరీలు కొన్ని వీడియో క్యాసెట్ల షాపులయ్యాయి, తర్వాత జిరాక్సు సెంటర్లయ్యాయి. సర్కారు గ్రంథాలయాల కోసం 1960 నాటి చట్టం ఉంది. ఇంటిపన్నుతోపాటు గ్రంథాలయ పన్ను ఇప్పటికీ కడుతున్నాం. వాటిని బాగుచేయమని అడగటం మన హక్కు. ఆ పని మానమని నేను అనడం లేదు. అది వేరు, చేతులు మార్చుకోవడం వేరు.

ఈలోగా ఇతర దేశాలవారు ఈ పనినే కొత్తగా మొదలుపెట్టారు. అమెరికాలో 2001లో బుక్ క్రాసింగ్ అని ఒకటి పెట్టారు. పుస్తకానికి ఒక నంబరు వేసి, పార్కులోనో స్టేషనులోనో వదిలేస్తారు. దొరికినవారు చదివి, ఎక్కడ దొరికిందో నమోదు చేసి, మళ్ళీ వదులుతారు. 2009లో విస్కాన్సిన్ రాష్ట్రంలో టాడ్ బోల్ అనే ఆయన, పంతులమ్మగా పనిచేసిన తన తల్లి జ్ఞాపకార్థం, చిన్న బడి ఆకారంలో ఒక చెక్కపెట్టె చేసి ఇంటి ముందు నిలబెట్టి పుస్తకాలు పెట్టాడు. ఒకటి తీసుకో, ఒకటి పెట్టు అన్న పద్ధతి. అటువంటి పెట్టెలు తర్వాత అనేక దేశాలకు వ్యాపించాయి. ఆ పెట్టెల ఫోటోలు మా మనవరాలు ఫోనులో చూపించినప్పుడు నాకు మా అకౌంటెంటు గారి ఎర్రసిరా గుర్తుకొచ్చింది.

ఇక మన వంతు

సులోచనారాణి గారు 2018 మే 21న అమెరికాలో కన్నుమూశారు. ఆమె పాఠకులలో పెద్దవారు మనలోనే ఉన్నారు. మన ఇళ్ళ బీరువాలలో ఆ తరం పుస్తకాలూ ఉన్నాయి. పిల్లలు హైదరాబాదులోనో, బెంగుళూరులోనో, ఇంకా దూరానో ఉన్నారు. రెండు గదుల ఫ్లాటులో వాళ్ళకు చోటు లేదు, కొందరికి తెలుగు చదవటం రాదు. అది వాళ్ళ తప్పని నేను అనను. కాని మనలో ఒకరు పోయిన తర్వాత పదమూడో రోజు దాటగానే ఆ బీరువా ఏమవుతున్నదో మీరూ చూస్తున్నారు. పాత కాగితాలవాడు త్రాసు పట్టుకొస్తాడు, న్యూస్‌పేపర్లతో కలిపి కిలోల లెక్కన తూస్తాడు. మా వీధిలో అలా వెళ్ళిన మూటలో 'సెక్రటరీ' ఉంది, 'మాలపల్లి' ఉంది.

అందుచేత సభ్యుల ముందు ఒక ప్రతిపాదన ఉంచుతున్నాను. మన సంఘం ఆఫీసు వరండాలో ఒక అలమర పెడదాం. తాళం వద్దు, రిజిస్టరు వద్దు, జరిమానా అసలే వద్దు. ఏటా లైఫ్ సర్టిఫికెట్ పనిమీద మనమంతా వస్తాం. వచ్చేటప్పుడు ఒక పుస్తకం తెచ్చి పెట్టండి, నచ్చిన పుస్తకం తీసుకువెళ్ళండి. చివరి పేజీలో పేరూ ఊరూ రాయండి. భార్య చదివితే ఆమె పేరు ఆమె చేతనే రాయించండి. మనవలు వస్తే వాళ్ళ చేత కూడా.

పుస్తకాలు పోతాయని కొందరు అంటారు. ఒకటి రెండు పోతాయి, నిజమే. బీరువాలో ఉన్నవి మాత్రం ఉంటాయా? ఇలా అందరూ చేతులు మార్చుకుంటే రచయితకు డబ్బెలా వస్తుందని మరొకరు అడగవచ్చు. అది న్యాయమైన ప్రశ్న. మా ఇంటి సంగతి చెబుతాను. పెళ్ళికాక ముందు మా ఆవిడ ఈ నవలలన్నీ ఎరువు తెచ్చుకునే చదివింది. సొంత సంసారం ఏర్పడ్డాక నా జీతంలోంచి నెలకొక ఎమెస్కో పాకెట్ పుస్తకం కొనిపించింది. చదివే అలవాటు ఉన్న ఇంట్లోనే కొనే అలవాటు పుడుతుంది.

అలమర చేయించే ఖర్చుకు నా ఒక నెల కరువు భత్యం ఇస్తాను. మొదటి పుస్తకంగా మా ఇంట్లో ఉన్న 'సెక్రటరీ' తెచ్చి పెడతాను. అందులో అన్ని పేజీలూ ఉన్నాయి, సరిచూశాను. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ విషయం చర్చకు తీసుకోవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను.